రేకుల షెడ్డులో పానా అందించిన చేయి

నేను పనిచేసే అంగన్‌వాడీ సమాధుల తోట గోడను ఆనుకుని ఉంటుంది. పిల్లలు వెళ్ళిపోయాక గిన్నెలు కడిగించి, తలుపులకు తాళం వేసి, ఆ గోడ వెంబడే ఒక్కదాన్నే నడిచి ఇంటికి వస్తాను. నాకన్నా ముందు చేసినావిడ ఆ దారికి భయపడి బదిలీ పెట్టుకుందట. నాకు మాత్రం ఆ గోడ మీద నుంచి తొంగిచూసే మేకలు తప్ప ఇంకేమీ కనబడలేదు. గాలి సోకిందని ఎవరైనా ఆడపిల్లను నా దగ్గరికి తీసుకొస్తే, ముందు రక్తం పరీక్ష చేయించమంటాను. అలాంటి మనిషిని నేను. ఇది చెబితే నన్ను కూడా ఆ పరీక్షకే పంపిస్తారేమోనని చాలా రోజులు బయట ఎక్కడా చెప్పలేదు.

మాది గద్వాల. పుట్టింది నాగర్‌కర్నూల్ దగ్గర ఒక పల్లెలో. పెళ్ళయి ఇక్కడికి వచ్చాను. మా ఆయన ప్రకాశ్ హైదరాబాద్‌లో టైల్స్ పని చేస్తాడు. క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు, మధ్యలో ఎప్పుడైనా పని లేనప్పుడు వస్తాడు. ఇంట్లో నేనూ, మా అత్తమ్మా ఉంటాం.

మా మామ బతికున్నప్పుడు ఊరూరూ తిరిగి కాలువల పని, డ్యాముల పని చేశాడు. మట్టి మోసి మోసి, చివరికి రాయచూరులో ఒక పాత అంబాసిడర్ కారు కొనుక్కొచ్చి కిరాయికి నడిపాడు. మా వాడలో అది మొదటి కారు. ఆయన పోయిన తర్వాత అది మా రేకుల షెడ్డులో అట్లాగే నిలబడిపోయింది. కోళ్ళు అందులో గుడ్లు పెట్టేవి. ఇనుప సామాన్లు కొనేవాళ్ళు గేటు ముందు ఆగి, దాన్నే చూసుకుంటూ పోయేవాళ్ళు.

నాకు చిన్నప్పటి నుంచీ ఏదైనా చెడిపోతే విప్పి చూడాలనిపిస్తుంది. కుట్టు మిషన్, ఫ్యాన్, మిక్సీ, బోరు స్టార్టర్ అన్నీ విప్పినదాన్నే. విప్పినవి మళ్ళీ బిగించాను కూడా. మా వాడలో ఎవరి మిషన్ దారం తెంపుతున్నా నా దగ్గరికే తెస్తారు. కానీ కారు మీద చేయి వేయాలని అనుకోలేదు. అత్తమ్మ బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న తర్వాత ఆ ఆలోచన వచ్చింది.

వనపర్తిలో ఆపరేషన్ అయింది. ఆ తర్వాత చూపించుకోవడానికి మాటిమాటికీ వెళ్ళాలి. ఆమె కింద కూర్చోలేదు, వంగలేదు. ఆటోలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవాలంటే దారంతా ఏడ్చేది. బస్సు మెట్లు ఎక్కలేకపోయేది. ఒకసారి బస్సులోకి ఎక్కించబోతే ఆమె బాధకు తట్టుకోలేక నేనే ఆపేసి, ఇంటికి తీసుకొచ్చేశాను. ఆ రోజు షెడ్డులోకి వెళ్ళి కారు వెనక తలుపు తీసి చూశాను. సీటు మంచంలా ఉంది. కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు.

రాయచూరు రోడ్డులో చాంద్ సాబ్ అని పాత మెకానిక్ ఉన్నాడు. మా మామ బండి ఎప్పుడూ ఆయనే చూసేవాడు. పిలుచుకొచ్చి చూపించాను. ఆయన బానెట్ ఎత్తి, దించి, చేతులు దులుపుకున్నాడు.

"ఇంజన్ బతికే ఉన్నది చెల్లె. గని బ్రేకులు లేవు, పైపులన్ని తుప్పు వట్టినయి. నాకు నడుం ఒంగుతలేదు, కిందికి దూరలేను. పిల్లగాండ్లకు ఈ బండి తెల్వదు. ఇచ్చెయ్యి, ఎందుకు పరేషాన్."

"నేను దూరుత అన్నా. ఏం జెయ్యాల్నో చెప్పు," అన్నాను.

ఆయన నవ్వాడు. నవ్వినా చెప్పాడు. మిగతాది ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఎవరో తమిళాయన, ఎవరో సర్దార్జీ. భాష అర్థం కాకపోయినా చేతులు అర్థమయ్యేవి. రోజూ అంగన్‌వాడీ నుంచి రాగానే చీర మార్చుకుని, ప్రకాశ్ పాత ప్యాంటు, చొక్కా వేసుకుని షెడ్డులోకి వెళ్ళేదాన్ని. వాడలో ఆడవాళ్ళు గోడ మీద నుంచి చూసి, "ఎస్తేరు మొగని బట్టలేసుకున్నది," అని నవ్వేవాళ్ళు. నవ్వనిచ్చాను. కార్బొరేటర్ విప్పి కిరోసిన్‌లో కడిగాను. ప్లగ్గులు మార్చాను. కొత్త బ్యాటరీ పెట్టి తాళం తిప్పిన రోజు, చాలాసేపు దగ్గి దగ్గి ఆ ఇంజన్ అందుకున్నప్పుడు, మంచం మీద ఉన్న అత్తమ్మ కర్ర వెతుక్కోకుండానే లేచి నిలబడింది. షెడ్డంతా నల్లటి పొగ. నవ్విన ఆడవాళ్ళే పరిగెత్తుకొచ్చారు. నేను బిడ్డను కన్నంత అలసిపోయి, అంత సంతోషంగా ఉన్నాను.

ఇక మిగిలింది బ్రేకులు.

ఇదంతా రెండేళ్ళ కిందటి ఎండాకాలం మాట. అంగన్‌వాడీకి సెలవులు. ఒకరోజు భోజనాలయ్యాక కారు వెనక భాగం జాకీతో లేపి, కుడివైపు చక్రం విప్పాను. ట్యూబు పంక్చర్ ఉందని ఆ చక్రం అప్పుడే షాపుకు పంపించాల్సి వచ్చింది, లేకుంటే దాన్నే అడుగున పెట్టేదాన్ని. బదులుగా ఇటుకలు పేర్చి కారు అడుగున ఆనించాను. పడమటి ఎండ షెడ్డులోకి ఏటవాలుగా కొడుతుంటే, తలుపు హ్యాండిల్‌కు పాత దుప్పటి ఒకటి కట్టి నేల దాకా వేలాడదీశాను. దుప్పటి అవతల గోనెసంచి పరిచి పానాలు పెట్టాను. ఇవతల నేను వెల్లకిలా పడుకుని కారు కిందికి జరిగాను. చేయి మాత్రం దుప్పటి కింద నుంచి బయటికి చాపగలను.

కింద పడుకుంటే ఒక్కో పానాకు బయటికి రావడం నరకం. ఒకసారి చేయి చాపి వెతుకుతుంటే, పానా నా చేతిలోకి వచ్చింది.

నాకు ఏమీ అనిపించలేదు. అత్తమ్మ షెడ్డు పక్కనే మంచం వేసుకుని కూర్చుంది. నేను కిందికి దూరేటప్పుడు కూడా అక్కడే ఉంది. "అత్తమ్మా, గా చిన్న పానా ఇయ్యి," అన్నాను. చిన్నది వచ్చింది. "పట్కారు ఇయ్యి." పట్కారు వచ్చింది. వాడేసింది చేతిలో పెడితే తీసుకునేది. అడ్డం తిప్పి, పట్టుకునే వైపు నా అరచేతిలో పడేటట్టు ఇచ్చేది. అంత బాగా అందిస్తున్నందుకు మనసులో మెచ్చుకున్నాను కూడా.

పని చేస్తూ మాట్లాడుతూనే ఉన్నాను. బండి అయితే మొదటిసారి ఎక్కడికి పోదామో అడిగాను. ముందుగా శ్రీరంగాపురం చెరువు గట్టు మీద ఆపి టీ తాగుదామన్నాను. జవాబు రాలేదు. ఒకసారి మాత్రం "ఊఁ" అన్నట్టు వినిపించింది. అత్తమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

పానా ఇస్తున్నప్పుడు ఒకసారి ఆ వేళ్ళు నా వేళ్ళకు తగిలాయి. గరుకుగా, మందంగా, వెచ్చగా ఉన్నాయి. జీవితమంతా పత్తి చేన్లలో, మట్టి పనుల్లో అరిగిపోయిన చేతులు అత్తమ్మవి. కాబట్టి అనుమానం రాలేదు.

పాత పైపు తీసేశాను. కొత్త పైపు వంచి, దాని దారిలో దాన్ని కూర్చోబెట్టాను. ఇక చివరి నట్టు బిగించాలి. చేయి చాపి, "పెద్ద పానా ఇయ్యి అత్తమ్మా," అన్నాను.

చేతిలో పడింది పానా కాదు. బరువుగా, గరుకుగా ఏదో చెక్క. తల తిప్పి చూస్తే చెక్క మొద్దు.

"ఇది గాదు, పెద్ద పానా," అని దాన్ని దుప్పటి అవతలికి నెట్టేశాను. మళ్ళీ చేయి చాపాను. మళ్ళీ మొద్దే పెట్టారు. ఈసారి కొంచెం గట్టిగా, నా చేయి కిందికి వంగేటట్టు పెట్టారు. దాంతో పాటు ఒక మాట వినిపించింది.

"తడి."

చిన్న గొంతు. జలుబు చేసినట్టు బొంగురుగా ఉంది. ఆడ గొంతా, మగ గొంతా అంటే నేను చెప్పలేను.

నాకు విసుగొచ్చింది. పైపు కారుతోందని చెబుతోందేమో అనుకున్నాను. చేతిలో ఉన్న మొద్దు మోచేతికి అడ్డం వస్తుంటే, దాన్ని లోపలికి లాక్కుని ఇటుకల పక్కన నిలువుగా నిలబెట్టాను. తడి ఎక్కడా అని కింద చేత్తో తడిమాను. నేల నిజంగానే తడిగా ఉంది. బ్రేక్ ఆయిల్ కాదు, నీళ్ళు. ఇటుకల కింద మట్టి బురదలా మెత్తగా అయిపోయింది.

పక్కింటివాళ్ళ ట్యాంకు పొంగి, నీళ్ళు గోడ కింద నుంచి మా షెడ్డులోకి పారుతున్నాయని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో అదంతా ఆలోచించే వ్యవధి లేదు. జాకీ పక్కకు ఒరిగింది. ఇటుకలు చిట్లిన చప్పుడు వినిపించింది. కారు మొత్తం నా మీదికి వచ్చింది.

వచ్చి, ఆగింది.

కళ్ళు తెరిచి చూస్తే ఆ ఇనుము నా రొమ్ము మీద, ఊపిరి పీలిస్తే తాకేటంత దగ్గరగా ఉంది. కారు ఆ చెక్క మొద్దు మీద నిలబడి ఉంది. ఇటుకలు పొడి పొడి అయ్యాయి. నేను ఊపిరి బిగబట్టి, ఎడమవైపుకు వీపు మీదే పాక్కుంటూ బయటికి వచ్చాను. చొక్కా చిరిగింది, భుజం గీసుకుంది. అంతే.

"అత్తమ్మా!" అని అరిచాను. ఎవరూ పలకలేదు.

మంచం ఖాళీగా ఉంది. కర్ర లేదు. అత్తమ్మ ఇంట్లో లేదు, బాత్రూంలో లేదు. గేటు దగ్గరికి వెళ్తే అది బయటి నుంచి పెట్టి ఉంది. బర్రెలు రాకుండా మేము గొళ్ళానికి ఒక తీగ మెలిపెడతాం. ఆ తీగ కూడా బయటి వైపు మెలిపెట్టి ఉంది. నేను లోపలి నుంచి తీయలేకపోయాను. మా గోడ మీద గాజు పెంకులు ఉన్నాయి. దూకి వచ్చే అవకాశం లేదు.

నేను మెట్ల మీద కూర్చుని ఉండగానే అత్తమ్మ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి తీగ విప్పింది. చేతిలో బైబిలు. వాడ చివరన ఉన్న చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థన ఉంటే వెళ్ళిందట.

"పోయొస్త అని చెప్తి గద బిడ్డా. నువ్వు సుత్తెతోని కొట్టవడ్తివి, ఇనవడలేదేమో."

సుత్తెతో నేను కొట్టింది తుప్పు పట్టిన నట్లు కదిలించడానికి, పని మొదట్లోనే, మొదటి పానా చేతికి రాకముందే. అప్పటి నుంచి ఆమె ఇంట్లో లేదు. చర్చిలో ఆమె పక్కన కూర్చున్న ఇద్దరిని అడిగాను. మొదటి పాట నుంచి చివరి ఆమెన్ వరకు అక్కడే కుర్చీలో కూర్చుందని చెప్పారు.

అప్పుడు నాకు ఇంకొకటి తట్టింది. ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఆమె వంగలేదు. ఆ దుప్పటి కింద, నేలకు ఆనుకుని ఉన్న నా చేతికి పానా అందించాలంటే ఎవరైనా గొంతుక్కూర్చోవాలి. ఆమె వల్ల కాని పని. అంతసేపు ఆమెతో మాట్లాడుతున్నాననుకుంటూ, నాకది ఎందుకు తోచలేదో తెలియదు. దుప్పటి మీద మనిషి నీడ పడిందా అని కూడా చాలాసార్లు గుర్తు చేసుకున్నాను. పడినట్టు గుర్తు లేదు. పడనట్టు కూడా గుర్తు లేదు.

ఆ మొద్దును బయటికి తీసి చూశాం. తుమ్మ కట్టె. నూనెకు నల్లబడి ఉంది. ఒక చివరన మేకు కొట్టి తీగ కొక్కెం కట్టి ఉంది. అది మా ఇంట్లోది కాదు. మా కట్టెల్లో అలాంటిది లేదు. కారు డిక్కీలోది అనుకుందామా అంటే, డిక్కీ మొత్తం ఖాళీ చేసి సబ్బు నీళ్ళతో కడిగింది నేనే.

అత్తమ్మకు జరిగిందంతా చెప్పాను. ఆమె నా భుజానికి పసుపు అద్దుతూ విన్నది. మామ వచ్చాడంటావా అని అడిగాను. అడిగినందుకు నాకే సిగ్గేసింది.

"మీ మామనా?" అని ఆమె నవ్వింది. "ఆయనకు టైరుకు గాలి కొట్టుడు గూడ రాకుండె. పానా పేర్లు ఆయనకేం తెల్సు. గ్రీజు అంటుతదని బానెట్ గూడ ముట్టకపోతుండె." నా భుజం మీద చిరిగిన చొక్కా సర్దుతూ, మళ్ళీ అంది. "ఎవరైతేంది బిడ్డా. మనింటికొచ్చి ఎండల గింతసేపు పనిజేసి పాయె. జర మంచినీళ్ళన్న ఇయ్యకపోతిమి."

విషయం తెలిసి పాస్టరమ్మ వచ్చి, దేవదూత అని చెప్పింది. దేవదూత చేతికి గ్రీజు అంటుతుందా అని అడగాలనిపించి ఊరుకున్నాను. ప్రకాశ్ ఫోన్‌లో విని, ముందు నా భుజం సంగతి అడిగాడు. తర్వాత, "బండి ఇచ్చేయ్, నీకంటే ఎక్కువనా," అన్నాడు. ఇవ్వనన్నాను.

ఇవ్వను అన్నానే కానీ, రెండు రోజులు షెడ్డు వైపు వెళ్ళలేకపోయాను. కూరగాయలు తరుగుతుంటే ఇటుకలు చిట్లిన చప్పుడు వినిపించేది. ఆ తర్వాత ఒక పొద్దున లేచి, రాళ్ళ పని చేసే మా మరిదిని అడిగి బండరాళ్ళు వేయించాను. తడి మట్టి తవ్వి తీసి కంకర పోశాను. పక్కింటివాళ్ళతో గొడవపడి వాళ్ళ ట్యాంకుకు వాల్వు పెట్టించాను. కారు మళ్ళీ లేపి, బండల మీద నిలబెట్టి, ఊపి చూసి, కిందికి దూరాను. ఆ చివరి నట్టు నేనే బిగించాను. ఈసారి పానాలన్నీ నా పక్కనే, లోపలే పెట్టుకున్నాను.

బ్రేకుల్లో గాలి తీయాలంటే ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర గాలి వదలాలి. అత్తమ్మను డ్రైవర్ సీటులో కూర్చోబెట్టాను. ఆమె బాగున్న కాలితో తొక్కింది. "తొక్కు అత్తమ్మా! ఇడువు! మల్ల తొక్కు!" అని నేను అరుస్తుంటే, ఆమె స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుని, ఎదురుగా ఉన్న రేకుల గోడను ఎంతో దూరం పోయే రోడ్డును చూసినట్టు చూస్తూ తొక్కింది. కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. మొదట మెత్తగా లోపలికి పోయిన పెడల్ మెల్లగా రాయిలా గట్టిపడింది. "ఇగ పోతలేదు బిడ్డా," అని ఆమె అన్న మాటకు నాకు కన్నీళ్ళొచ్చాయి.

చాంద్ సాబ్‌ను మళ్ళీ పిలిచాను. నా మీద నమ్మకం ఉన్నా, మనుషులను ఎక్కించే ముందు తెలిసినవాడు చూడాలి కదా. ఆయన కారును వాడ చివర దాకా తోలి, గట్టిగా బ్రేకు వేశాడు. కారు గీత గీసినట్టు ఆగింది. దిగి, నడుం పట్టుకుని కిందికి తొంగిచూశాడు.

"ఈ పైపు ఎవరు వంచిన్రు?"

"నేనే."

"నా పనిలాగ ఉన్నది," అన్నాడు. ఆ మాట నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

వెళ్ళబోతూ షెడ్డు మూలన ఉన్న మొద్దును చూశాడు. "ఇది యాడిది? లారీ క్లీనర్లు చక్రం కింద పెట్టే కట్టె గదా," అన్నాడు. జరిగింది చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఏం మాట అన్నారో మళ్ళీ చెప్పమన్నాడు.

"తడి అన్నరు. నిజంగనే కింద తడి ఉండె," అన్నాను.

ఆయన గడ్డం రుద్దుకున్నాడు. "నేను పుట్టింది రాయచూరు దిక్కు చెల్లె. మా దిక్కు కన్నడల తడి అంటే ఆగు అని."

నాకు కన్నడ రాదు. ఆ మాటకు అలాంటి అర్థం ఉందని అప్పటిదాకా తెలియదు. కారు రాయచూరులో కొన్నదే. కానీ మామకు ముందు అది ఎవరి దగ్గర ఉండేదో, ఎవరు నడిపారో చాంద్ సాబ్‌కూ తెలియదు, మాకూ తెలియదు. నేల తడిగా ఉందని చెప్పారో, ఆగమని చెప్పారో! తెలుగులో విన్నా నాకు సరిపోయింది, కన్నడలో విన్నా సరిపోయింది. ఆ రోజు నాతో మాట్లాడింది ఏ భాషో కూడా నేను తేల్చుకోలేకపోయాను.

ఇంజన్ అందుకున్నప్పటి నుంచే డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తీసుకున్నాను. తర్వాతి వారం అత్తమ్మను వెనక సీటులో కాళ్ళు చాపి కూర్చోబెట్టి వనపర్తికి బయలుదేరాను. జూరాల డ్యాం మీద గాలికి ఆమె కొంగు కిటికీలోంచి బయటికి ఎగిరింది. ఆ డ్యాంకు మట్టి మోసినవాళ్ళలో తానూ, మామా ఉన్నామని చెప్పింది. ఎక్కడ గుడిసె వేసుకున్నారో వేలితో చూపించింది. అమరచింతలో గొర్రెల మంద ఒక్కసారిగా అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. కారు ఆగింది. కాపరి గొర్రెలను తోలుకుంటూ, స్టీరింగ్ దగ్గర నన్ను చూసి నోరు తెరిచాడు. అత్తమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, అడగకుండానే అతనికి చెప్పింది.

"మా కోడలే బాగుజేసింది. బ్రేకులు గూడ ఆమెనే ఏసింది."

అప్పటి నుంచి ఆ కారులో చాలా తిరిగాం. నొప్పులు పడుతున్న ఆడవాళ్ళను దవాఖానకు చేర్చాను. క్లచ్ నేనే మార్చాను, రేడియేటర్‌కు మాట్లు నేనే వేశాను. మా వాడలో ఇద్దరు ఆడపిల్లలు ఇప్పుడు నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంటున్నారు.

సమాధుల తోట గోడ వెంబడి ఇప్పటికీ ఒక్కదాన్నే నడిచి వస్తాను. దయ్యాలున్నాయా అని అడిగితే లేవనే అంటాను. ఆ కారుకు బ్రేకులు ఎవరు వేశారంటే, నేనే వేశానని ఎవరి ముందైనా, ఏ రోడ్డు మీదైనా చెబుతాను. నా చేతిలో ఆ మొద్దు ఎవరు పెట్టారంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు. పెట్టిన చేయి వెచ్చగా ఉంది. అంతవరకే నాకు తెలుసు.